బండ మీద బండి నిలవాలంటే: సైకిల్ సందేహాలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ట్రయల్స్ సైకిళ్ల గురించే. కాలు కింద పెట్టకుండా బండరాళ్లు ఎక్కడం, వెనక చక్రం మీదే నిలబడి ఒక రాయి నుంచి ఇంకో రాయికి గెంతడం ఈ ఆట. సీటు ఉండదు. చాలా బళ్లకు గేర్లు మార్చే ఏర్పాటూ ఉండదు. అందులో పెద్ద పని అంతా బ్రేకులదే. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులో లీవరు నొక్కితే పైపులోని నూనె క్యాలిపర్ అనే దిమ్మెలోని పిస్టన్లను తోస్తుంది, అవి ప్యాడ్లను చక్రానికి బిగించిన డిస్కు మీద నొక్కుతాయి. ఈ బ్రేకుల మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ఖాజాగూడ గుట్టల దగ్గర ప్రాక్టీస్ చేస్తున్నాను. నాది 26 అంగుళాల బండి. డౌన్‌హిల్ తొక్కే మిత్రులు నాలుగు పిస్టన్ల క్యాలిపర్, 203 మి.మీ. డిస్క్ వేయించుకోమంటున్నారు. రెండు పిస్టన్లది సరిపోదా?
– ఒక పాఠకుడు, మణికొండ

సరిపోతుంది. డౌన్‌హిల్ వాళ్లు నిమిషాల తరబడి వేగాన్ని వేడిగా మార్చుకుంటూ కిందికి దిగాలి. పెద్ద డిస్కు, రెక్కలున్న ప్యాడ్లు ఆ వేడిని వదిలించుకోవడానికి. ట్రయల్స్‌లో వేడి సమస్యే లేదు. ఇక్కడ బ్రేకు కదలని చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచాలి. నొక్కగానే కరవాలి, వదలగానే వదలాలి, మధ్యలో మిల్లీమీటరు కూడా జారకూడదు.

ఒక లెక్క చూడండి. మనిషీ బండీ కలిసి 75 కిలోలు అనుకుందాం. బరువంతా వెనక చక్రం మీదే ఉంది, బండ వాలు 30 డిగ్రీలు. వాలు వెంట బండిని కిందికి లాగే బలం అందులో సగం, అంటే 37.5 కిలోలు. 26 అంగుళాల చక్రానికి టైరుతో కలిపి వ్యాసార్ధం సుమారు 340 మి.మీ. 160 మి.మీ. వ్యాసం ఉన్న డిస్కు మీద ప్యాడ్ పట్టే చోటు ఇరుసు నుంచి సుమారు 72 మి.మీ. దూరంలో ఉంటుంది. అంటే ప్యాడ్ల దగ్గర 37.5 × 340 ÷ 72, దాదాపు 177 కిలోల ఘర్షణ బలం కావాలి. 180 డిస్కు వేస్తే అది 155కి తగ్గుతుంది. అదే 20 అంగుళాల బండికైతే, వెనక చక్రం వ్యాసార్ధం 245 మి.మీ. దాకానే ఉంటుంది కాబట్టి, 160 డిస్కుతోనే 128 చాలు. ఇది ఊరికే నిలబడినప్పటి లెక్క. గెంతి దిగినప్పుడు దీనికి ఎన్నో రెట్లు పడుతుంది.

డిస్కు ఒక సైజు పెంచితే మీకు కలిసొచ్చేది ఎనిమిదో వంతు. ప్యాడ్లకు కాస్త నూనె అంటితే మాత్రం ఘర్షణ సగానికి పడిపోగలదు. డబ్బు పెట్టి తెచ్చుకున్న లాభం కంటే అజాగ్రత్త వల్ల పోయేదే ఎక్కువ. 26 అంగుళాల బండికి ముందు 180, వెనక 160 పెట్టుకోండి. ఫ్రేము తయారీదారు అనుమతిస్తే వెనక కూడా 180 పెట్టొచ్చు. 20 అంగుళాల బండికి రెండువైపులా 160 చాలు. చిన్న చక్రానికి పెద్ద డిస్కు బిగిస్తే అది నేలకు దగ్గరై, రాయికి తగిలి వంగుతుంది. 203 వద్దు.

నాలుగు పిస్టన్లు చెడ్డవని కాదు. పిస్టన్ల మొత్తం వైశాల్యం పెరిగితే అదే వేలి బలానికి ప్యాడ్లు గట్టిగా నొక్కుకుంటాయి. దానికి బదులుగా లీవరు ఎక్కువ దూరం కదలాల్సి వస్తుంది. హోప్ కంపెనీ ఈ ఆట కోసమే ట్రయల్ జోన్ అని ఒక బ్రేకు చేసింది. దానికి ఉన్నవి రెండే పిస్టన్లు. మగూరా ఎంటీ5, ఎంటీ7 నాలుగు పిస్టన్లవి, వాటితోనూ బాగా ఆడేవాళ్లున్నారు. తక్కువ ఖర్చులో షిమానో ఎంటీ520 నాలుగు పిస్టన్ల క్యాలిపర్ మంచి ఎంపిక. కొనేముందు విడిభాగాల సంగతి కూడా ఆలోచించండి. హోప్ క్యాలిపర్‌కు పిస్టన్ సీళ్లు (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగులు) విడిగా దొరుకుతాయి. షిమానోకు సీళ్లు విడిగా అమ్మరు, కారడం మొదలైతే క్యాలిపర్ మొత్తం మార్చాల్సిందే.

డిస్కు ఏదైనా ఒకే ఉక్కు రేకుతో చేసినది తీసుకోండి. మధ్యలో అల్యూమినియం, చుట్టూ రివెట్లతో బిగించిన ఉక్కు వలయం ఉండేవి చూడ్డానికి బాగుంటాయి గానీ, ముందుకూ వెనక్కూ పడే ట్రయల్స్ కుదుపులకు ఆ రివెట్లు వదులై టకటకలాడతాయి.

అన్నా, కొత్త హైడ్రాలిక్ బ్రేక్ ఏపిచ్చిన. లీవర్ గట్టిగనే ఉంది. గని వెనక చక్రం మీద నిలబడంగనే బండి ముంగటికి జారుతుంది. షాపాయన ఇంకా పెద్ద డిస్క్ ఎయ్యమంటుండు. ఏం జెయ్యాలె?
– ఒక కాలేజీ విద్యార్థి, ఉప్పల్

డిస్కు కొనకు తమ్ముడూ, ఆగు. ముందు జారుతున్నది ఏమిటో తేల్చు. డిస్కు లోపలి చేతుల మీద, అంటే ప్యాడ్ తగలని చోట, మార్కర్ పెన్నుతో ఒక గీత పెట్టు. దానికి ఎదురుగా క్యాలిపర్ మీద ఇంకో గీత పెట్టు. వెనక బ్రేకు గట్టిగా పట్టి బండిని ముందుకు తోయి. రెండు గీతలూ విడిపోతే ప్యాడ్ల మధ్య డిస్కు జారుతున్నట్టు. గీతలు కదలకుండా చక్రం మాత్రం కొంచెం తిరిగిందంటే డిస్కు బోల్టులో, హబ్బో, స్పోకులో వదులున్నట్టు. రెండూ కదలకుండా బండి కదిలితే జారుతున్నది టైరు. అప్పుడు గాలి తగ్గించుకోవాలి.

లీవరు గట్టిగా ఉందన్నావు కాబట్టి పైపులో గాలి లేదు. డిస్కే జారుతుంటే లోపం ఘర్షణలో ఉంది. దానికి కారణాలు రెండు: నూనె అంటడం, లేదా ప్యాడ్లు ఇంకా డిస్కుకు అలవాటు కాకపోవడం.

నూనె ఎక్కడి నుంచి వస్తుంది? కొత్త డిస్కు తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో రాసిన పూత ఉండొచ్చు. బిగించేటప్పుడు అంటిన చేతి జిడ్డు ఉండొచ్చు. చైనుకు డబ్బాతో స్ప్రే కొట్టినప్పుడు పడే తుంపర ఇంకొకటి. మన దగ్గర మరొకటి ఎక్కువ: బైకుల సర్వీసింగ్ షాపులో సైకిల్ కూడా కడిగించడం. కడిగాక మెరుపు కోసం అక్కడ డీజిలో, పాలిషో కొడతారు. డిస్కు బ్రేకున్న సైకిల్‌ను ఆ దరిదాపులకు తీసుకెళ్లకు.

శుభ్రం చేసే పద్ధతి: టీ25 కీతో ఆరు బోల్టులూ విప్పి డిస్కు తీయి. గిన్నెల సబ్బుతో, వేడి నీళ్లతో కడుగు. ఆరాక 120 నుంచి 180 నంబరు ఎమరీ పేపరుతో రెండువైపులా చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దు. మెరుపు పోయి మసక రావాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. టిష్యూకు మరక అంటనంత వరకూ కొత్త టిష్యూ మారుస్తూ తుడువు. ఈ ఆల్కహాల్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే చోట దొరుకుతుంది, సర్క్యూట్ బోర్డులు కడగడానికి వాడతారు. మందుల షాపు సర్జికల్ స్పిరిట్ మాత్రం వద్దు. కొన్నిట్లో ఆముదం కలుస్తుంది, కడిగిన చోటే మళ్లీ నూనె పూసినట్టవుతుంది.

ప్యాడ్లను అద్దం ముక్క మీద పరిచిన ఎమరీ పేపరుపై రుద్దు. పైపొర పోయి లోపల ఒకే రంగు కనిపిస్తే బతికినట్టే. ఎంత రుద్దినా నల్లటి తడి మచ్చలు మిగిలితే పారెయ్యి. గ్యాస్ పొయ్యి మీద కాల్చి నూనె తీస్తామని కొందరు చెబుతారు. పైన ఉన్నది కాలుతుంది, లోపల పీల్చుకున్నది మొదటి వేడికే మళ్లీ పైకొస్తుంది. కొత్త ప్యాడ్లు వేసేముందు క్యాలిపర్ కారడం లేదని చూసుకో. పిస్టన్ల చుట్టూ టిష్యూ పెట్టి, మధ్యలో బ్లీడ్ బ్లాకు (పిస్టన్లు బయటికి రాకుండా ఆపే ప్లాస్టిక్ దిమ్మె) ఇరికించి, లీవరును హ్యాండిల్‌కు రబ్బరుతో కట్టి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున టిష్యూ తడిస్తే సీలు పోయింది. అది బాగుపడకుండా ఎన్ని ప్యాడ్లు వేసినా వృథా.

ఇక అలవాటు చేయడం. దీన్నే బెడ్డింగ్ అంటారు. ప్యాడ్ పదార్థం పలచటి పొరగా డిస్కుకు అంటుకోవాలి. అసలు పట్టు ఆ పొరకూ ప్యాడ్‌కూ మధ్యే పుడుతుంది. పొర ఏర్పడాలంటే వేడి కావాలి, వేడికి వేగం కావాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగం నుంచి ఆపుతూ 30 సార్లు చేయమని మగూరా కంపెనీ సూచనల పుస్తకం చెబుతుంది. ట్రయల్స్ బండికి ఆ వేగం ఎక్కడిది? ముందు 18, వెనక 15 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు 26 అంగుళాల చక్రం రెండున్నర మీటర్లే పోతుంది. నిమిషానికి 90 చుట్లు తొక్కినా 13, 14 దాటదు. చాలామంది కొత్త బ్రేకు పనికిరాదని తేల్చేయడానికి అసలు కారణం ఇదే. అది ఎప్పుడూ వేడెక్కనేలేదు.

కాబట్టి వాలు వెతుక్కో. ఆదివారం తెల్లవారుజామున, బళ్లు తిరగకముందు, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఏటవాలు రోడ్లు ఇందుకు బాగా పనికొస్తాయి. నెక్లెస్ రోడ్ చదును, అక్కడ లాభం లేదు. హెల్మెట్ పెట్టుకుని, కింద కూడలికి చాలా ముందే ఆగేలా, వాలులో పై సగమే వాడుకో. ఒకసారి ఒక బ్రేకే వాడు. వేగం అందుకున్నాక నిలకడగా నొక్కి నడక వేగానికి తీసుకురా, చక్రం మాత్రం బిగపట్టకు. వేడి మీద పూర్తిగా ఆపి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒక్కచోటే ముద్దగా అంటుకుని తర్వాత కుదుపులొస్తాయి. ఒక్కో బ్రేకుకు 25, 30 సార్లు చెయ్యి. వాలు దొరకకపోతే బ్రేకు సగం పట్టి దానికి ఎదురు పది, పదిహేను సెకన్లు గట్టిగా తొక్కు, వదులు, మళ్లీ తొక్కు. కాళ్లు పీకుతాయి గానీ పని జరుగుతుంది. డిస్కు మీద అంతటా ఒకే తీరున బూడిద రంగు పొర కనిపిస్తే అయినట్టు.

ఇంకో మాట. బ్రేకుతో సింటర్డ్ ప్యాడ్లు (లోహపు పొడిని అదిమి చేసినవి) వచ్చి ఉంటే పక్కన పెట్టి రెసిన్ ప్యాడ్లు (జిగురు పదార్థంతో కట్టినవి) వేసి చూడు. సింటర్డ్‌వి వేడి మీద బాగా పనిచేసే రకం, ఎక్కువ రోజులొస్తాయి. చల్లగా ఉన్నప్పుడు మొదటి కరుపు రెసిన్‌దే. గుట్టల దగ్గరి రాతి పొడిలో క్వార్ట్‌జ్ ఉంటుంది కాబట్టి రెసిన్‌వి త్వరగా అరుగుతాయి. ఆ ఖర్చు భరించాల్సిందే.

బ్రేకులో పోసే నూనె అయిపోయింది. మోటార్ సైకిల్ బ్రేక్ ఆయిల్ పోయొచ్చా? బేబీ ఆయిల్ పోస్తే చాలని ఒకరన్నారు.
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

మీ బ్రేకు ఏదో రాయలేదు. షిమానో, మగూరా, టెక్ట్రో అయితే మినరల్ ఆయిల్ మాత్రమే. వాటిలో మోటార్ సైకిల్ డాట్ ఫ్లూయిడ్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి, కడిగినా బాగుపడవు. హోప్ అయితే డాట్ 5.1. అత్యవసరమైతే బైకుల షాపులో దొరికే డాట్ 4 పోసినా పనిచేస్తుంది. రెండూ ఒకే గ్లైకాల్ జాతి, తేడా మరిగే ఉష్ణోగ్రతలో ఉంది, ట్రయల్స్‌లో అంత వేడి పుట్టదు. డాట్ 5 అని ఒంటరిగా రాసి ఉన్నది మాత్రం సిలికాన్, దాన్ని కలపకూడదు. డాట్ ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీలుస్తుంది కాబట్టి సగం వాడిన సీసాను వానాకాలమంతా అట్టే పెట్టి మళ్లీ వాడకండి. రంగు మీద పడితే రంగు లేస్తుంది, వెంటనే నీళ్లతో కడగండి.

బేబీ ఆయిల్, కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె ఏవీ వద్దు. వంద మిల్లీలీటర్ల అసలు నూనె రెండు బ్రేకులకూ సరిపోతుంది. అంత చిన్న ఖర్చు దగ్గర బేరమాడి మొత్తం బ్రేకు పోగొట్టుకోవడం ఎందుకు?

నా మామూలు ఎంటీబీకి (మౌంటెన్ బైక్) కేబుల్ డిస్క్ బ్రేకులున్నాయి. దాని మీదే ట్రయల్స్ నేర్చుకుంటున్నాను. హైడ్రాలిక్‌కు మార్చాలంటే ఏమేం మార్చాలి?
– ఒక పాఠకురాలు, బోయిన్‌పల్లి

లీవర్లు, క్యాలిపర్లు, మధ్య పైపు. కేబుల్ లీవరుతో హైడ్రాలిక్ క్యాలిపర్ నడవదు కాబట్టి జతగా కొనాలి. నూనె నింపి, బిగించడానికి సిద్ధంగా వచ్చే సెట్లలో షిమానో ఎంటీ200 నేర్చుకునేవాళ్లకు చాలు.

కొనేముందు ఫ్రేము మీద, ఫోర్కు మీద క్యాలిపర్ బిగించే చోటు చూడండి. అడ్డంగా, మరలు లేని రెండు రంధ్రాలు 51 మి.మీ. ఎడంలో ఉంటే ఐఎస్ రకం. చక్రం అంచు వైపు ముఖం పెట్టి, మరలున్న రెండు దిమ్మెలు 74 మి.మీ. ఎడంలో ఉంటే పోస్ట్ మౌంట్. ఇప్పుడొచ్చే క్యాలిపర్లు దాదాపు అన్నీ పోస్ట్ మౌంటే. ఫ్రేము ఐఎస్ అయితే మధ్యలో అడాప్టర్ కావాలి. అది డిస్కు సైజును బట్టీ, ముందు వెనకలను బట్టీ మారుతుంది, అడిగేటప్పుడు మూడూ చెప్పండి. ఫ్రేముకు అసలు చోటే లేకపోతే వెల్డింగ్ చేయించకండి. అల్యూమినియం ఫ్రేము వెల్డింగ్ పడిన చోట మెత్తబడుతుంది.

పాత డిస్కు 160 మి.మీ., మందం 1.5కి తగ్గకుండా ఉంటే దాన్నే శుభ్రం చేసి వాడొచ్చు. దాని మీద రెసిన్ ప్యాడ్ మాత్రమే అని చెక్కి ఉంటే ఆ మాట పాటించండి, సింటర్డ్ ప్యాడ్లు ఆ మెత్తటి ఉక్కును తినేస్తాయి. క్యాలిపర్ బోల్టులకు బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. ముందు వదులుగా పెట్టి, లీవరు నొక్కి పట్టి, రెండు బోల్టులూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. వెనక తెల్ల కాగితం పెట్టి చూస్తే డిస్కుకు రెండువైపులా సన్నటి వెలుతురు గీత కనబడాలి.

మన దేశపు సైకిళ్లకు సాధారణంగా కుడి లీవరు ముందు బ్రేకుది. బయటి నుంచి తెప్పించే సెట్లు కొన్ని దీనికి ఎదురుగా వస్తాయి. కొన్ని లీవర్లు రెండువైపులా బిగుస్తాయి, కొన్ని బిగవవు. ఆర్డరు పెట్టేటప్పుడే చూసుకోండి. ఇన్నాళ్ల అలవాటును బండ అంచు మీద నిలబడి మార్చుకోలేరు.

తొందరేమీ లేదు కూడా. మంచి కేబుల్ క్యాలిపర్, బిగుతుగా ఉండే ఔటర్ కేబుల్ ఉంటే బ్యాలెన్సు, చిన్న గెంతులు దానితోనే వస్తాయి.

లీవర్లు ఏ కోణంలో పెట్టుకోవాలి? రెండు వేళ్లతో పట్టినా పావుగంటకే ముంజేయి పట్టేస్తోంది.
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

పట్టాల్సింది ఒక్క వేలితో. రెండు వేళ్లు లీవరుకు పోతే హ్యాండిల్‌ను లాగడానికి మిగిలేవి రెండే, అందుకే ముంజేయి అలిసిపోతోంది. లీవరు క్లాంపును గ్రిప్పు నుంచి లోపలికి జరపండి. చూపుడు వేలి మొదటి కణుపు లీవరు చివరి వంపులో పడాలి. అక్కడ పట్టు ఎక్కువ. లీవరు మధ్యలో పట్టుకుంటే ఉన్న బలమంతా వృథా.

కోణం కూర్చున్న భంగిమలో చూడకూడదు, మీ బండికి సీటే లేదు కదా. వెనక చక్రం మీద నిలిచినప్పుడు చేతులు చాచి, ఒళ్లు వెనక్కి ఉంటుంది. ఎవరినైనా ముందు చక్రం ఎత్తి పట్టుకోమని ఆ భంగిమలో నిలబడండి. మణికట్టు వంగకుండా వేలు ఎక్కడ పడుతుందో లీవరు అక్కడుండాలి. మామూలు ఎంటీబీ కంటే ఇది పైకి, నేలకు సమాంతరానికి దగ్గరగా వస్తుంది.

తర్వాత రీచ్ స్క్రూతో హ్యాండిల్ నుంచి లీవరు దూరం సరిచేయండి. ప్యాడ్లు కరిచే క్షణానికి వేలు సగం ముడిచి ఉండాలి, అక్కడే వేలికి బలం ఎక్కువ. లీవరు మరీ దూరంగా కరిస్తే వేలు చాచి నొక్కాలి. మరీ దగ్గరగా కరిస్తే మిగతా వేళ్ల కణుపులకు తగులుతుంది. అన్నీ అయ్యాక వెనక బ్రేకు అరనిమిషం పట్టి చూడండి. చేయి వణికితే కోణమో దూరమో తప్పినట్టు.

క్లాంపు బోల్టును మరీ బిగించకండి. పడినప్పుడు లీవరు తిరిగిపోవాలి, విరగకూడదు. అరచేత్తో గట్టిగా కొడితే కదిలేంత చాలు.

బండి కొన్నిసార్లు పడ్డాక లీవరు మెత్తగా, స్పాంజిలా అయింది. ఇంట్లో బ్లీడింగ్ చేసుకోవచ్చా? షిమానో బ్రేకు.
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

చేసుకోవచ్చు. బ్లీడింగ్ అంటే బ్రేకులో చేరిన గాలిని నూనెతో బయటికి తోసేయడం. ముందు తేలిక మార్గం చూడండి: లీవరు బండిలో అన్నిటికంటే ఎత్తున ఉండేలా నిలబెట్టి, లీవరును హ్యాండిల్‌కు కట్టి రాత్రంతా ఉంచండి. చిన్న బుడగలైతే పైకి చేరతాయి. పొద్దున్నే గట్టిపడి, మళ్లీ వారంలో మెత్తబడిందంటే ఎక్కడో కారుతోంది. పైపు లీవరులోకి దూరే చోట మొదట చూడండి.

పూర్తిగా చేయాలంటే కావాల్సినవి: గరాటు, సిరంజి, దానికి అతికే సన్న గొట్టం, బ్లీడ్ బ్లాకు, మీ క్యాలిపర్ నిపుల్‌కు (నూనె ఎక్కించే సన్న మూతికి) సరిపడే స్పానరు (ఎక్కువ మోడళ్లకు 7 మి.మీ.), అలెన్ కీలు, మినరల్ ఆయిల్, చాలా గుడ్డలు. పనిముట్లు రాణీగంజ్‌లో దొరుకుతాయి. గరాటు, బ్లాకు మాత్రం సైకిల్ షాపులో అడగాలి.

మొదట చక్రం తీసి వేరే గదిలో పెట్టండి. ప్యాడ్లు తీసి కవరులో చుట్టి దూరంగా ఉంచండి. బ్లీడింగ్ తర్వాత బ్రేకు జారుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క మెట్టు దాటేయడమే. పిస్టన్లను లోపలికి తోసి బ్లాకు పెట్టండి. లీవరును నేలకు సమాంతరంగా తిప్పి, పై స్క్రూను రబ్బరు రింగుతో సహా తీసి, గరాటు బిగించి కొంచెం నూనె పోయండి. సిరంజిలో బుడగ లేకుండా నూనె నింపి క్యాలిపర్ నిపుల్‌కు తగిలించి, నిపుల్‌ను ఎనిమిదో వంతు చుట్టు వదులు చేయండి. నూనెను కింది నుంచి పైకి మెల్లగా తోయండి. గరాటులో బుడగలు రావడం ఆగాక నిపుల్ మూయండి.

ఇప్పుడు ఓపిక కావాలి. స్క్రూడ్రైవర్ పిడితో క్యాలిపర్‌ను, పైపు పొడవునా తడుతూ లీవరును చిన్నగా నొక్కుతూ వదులుతూ ఉండండి. లీవరును 30 డిగ్రీలు పైకీ, 30 డిగ్రీలు కిందికీ వంచి మళ్లీ అదే చేయండి. దాక్కున్న బుడగలు అప్పుడే బయటపడతాయి. వెనక బ్రేకు పైపు పొడుగు కాబట్టి దీనికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. చివరికి నిపుల్‌కు గొట్టం, సంచీ తగిలించి, లీవరు నొక్కి పట్టి, నిపుల్‌ను అర సెకను తెరిచి మూయండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే క్యాలిపర్‌లో మిగిలిన గాలి పోతుంది. నిపుల్ బిగింపు 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు. లీవరు మీది స్క్రూ మాత్రం వేళ్ల కొసలతో పట్టిన కీ బలమే, ఎక్కువ తిప్పితే మర పోతుంది. అంతా ఆల్కహాల్‌తో తుడిచాకే ప్యాడ్లు పెట్టండి.

లీవరు ఇంకా ముందే కరవాలని కొందరు పిస్టన్లు కొంచెం బయటికి ఉంచి నూనె ఎక్కువ నింపుతారు. అది శీతాకాలంలో బాగానే ఉంటుంది. మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, మూసిన కారులో బండి పెడితే నూనె వ్యాకోచించడానికి రిజర్వాయరులో చోటు మిగలక ప్యాడ్లు డిస్కును వదలవు. ప్యాడ్లు అరిగాక కొత్తవి వేయబోతే పిస్టన్లు లోపలికీ పోవు. మన ఊరికి ఆ పద్ధతి సరిపడదు.

గాలి ఏమాత్రం లేకున్నా వెనక లీవరు మెత్తగా అనిపిస్తే ప్లాస్టిక్ పైపు సాగుతుండొచ్చు. ఉక్కు అల్లిక పైపు వేస్తే తేడా తెలుస్తుంది. పైపు కోసిన ప్రతిసారీ లోపలి ఆలివ్ (పైపును బిగించే చిన్న ఉంగరం), ఇన్సర్ట్ (పైపు చివర దూర్చే ముక్క) కొత్తవే వేయాలి.

ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే టక్ టక్ మంటోంది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

ఏది కదులుతోందో చేతితో పట్టుకుని చూడండి. ఒక చేయి హెడ్‌సెట్ (హ్యాండిల్ కింద ఫోర్కు తిరిగే బేరింగు) దగ్గర పెట్టి ఊపితే అదురు తెలిసిందా, అది బిగించాలి. క్యాలిపర్, అడాప్టర్, డిస్కు బోల్టులు తర్వాత. ఆపైన బ్రేకు వదిలి చక్రాన్ని పక్కలకు ఊపండి, ఆట ఉంటే హబ్ బేరింగు. ఇవన్నీ బిగుతుగా ఉండి, శబ్దం క్యాలిపర్ లోపలి నుంచి ఒక్క సన్నటి టక్ మాత్రమే అయితే అది ప్యాడ్ తన గాడిలో కదలడం, దానితో ప్రమాదం లేదు. స్పోకులు కూడా జతలుగా నొక్కి చూడండి, వదులు ఉంటే డిస్కు బలం రిమ్‌కు చేరేలోపు చక్రం మెలిపడుతుంది.

వెనక డిస్క్ మంచిదా, హైడ్రాలిక్ రిమ్ బ్రేక్ మంచిదా? 20 అంగుళాల ఫ్రేము కొనబోతున్నాను.
– ఒక పాఠకుడు, లింగంపల్లి

పట్టు ఒక్కటే చూస్తే రిమ్ బ్రేకుదే పైచేయి. మొదటి జవాబులోని లెక్కే మళ్లీ వేసుకోండి. డిస్కు ప్యాడ్ ఇరుసుకు 72 మి.మీ. దూరంలో పడితే రిమ్ ప్యాడ్ దాదాపు టైరు దగ్గరే పడుతుంది. డిస్కు దగ్గర 128 కిలోలు కావాల్సిన పనికి రిమ్ దగ్గర 50 లోపే చాలు. స్పోకులు మెలిపడే ప్రసక్తీ లేదు. మగూరా హెచ్‌ఎస్33 ఇన్నేళ్లుగా ఈ ఆటలో నిలిచి ఉండటానికి కారణం అదే.

కానీ అది పూర్తిగా పట్టాలంటే రిమ్ గోడలను గ్రైండరుతో గరుకు చేయాలి. ఆ గరుకు అరిగిన కొద్దీ మళ్లీ మళ్లీ గీయాలి, రిమ్ పలచబడుతుంది. వానకు తడిస్తే, రాతి పొడి గాళ్లలో నిండితే పట్టు తగ్గుతుంది. గ్రానైట్ అంచుకు తగిలి రిమ్ సొట్టపడితే ప్యాడ్ ఒక్కో చుట్టుకూ ఒకచోట కొట్టుకుంటుంది. పైగా ఆ కీచు శబ్దానికి అపార్ట్‌మెంట్ సెల్లారులో ప్రాక్టీసు కుదరదు, రెండో రోజే వాచ్‌మన్ వస్తాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, మిగతా కాలమంతా దుమ్ము ఉండే ఊళ్లో, 20 అంగుళాల బండికి నా ఓటు వెనక డిస్కుకే. క్యాలిపర్ రెండు గొట్టాల మధ్య లోపలికి ఒదిగి ఉండే ఫ్రేము చూసుకోండి, బయటికి పొడుచుకుని ఉంటే మొదటి దెబ్బ దానికే.

వానలో డిస్కు ఏనుగులా అరుస్తోంది.
– ఒక పాఠకుడు, అల్వాల్

తడి ఆరగానే ఆగితే వదిలేయండి. ఎండలోనూ అరిస్తే నూనె అంటింది, పైన ఉప్పల్ విద్యార్థికి చెప్పినట్టు శుభ్రం చేయండి.

మా అబ్బాయి బండిని కారులో పెట్టడానికి చక్రం ఊడదీశాడు. మళ్లీ బిగిద్దామంటే డిస్కు బ్రేకులో దూరడం లేదు. పాడైపోయిందా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

పాడవలేదమ్మా. చక్రం లేనప్పుడు ఎవరో లీవరు నొక్కారు, ప్యాడ్లు దగ్గరకొచ్చాయి. టైరు లీవరు లాంటి ప్లాస్టిక్ పలకను ప్యాడ్ల మధ్య దూర్చి మెల్లగా ఎడం చేయండి. స్క్రూడ్రైవరుతో చేస్తే ప్యాడ్లు పెచ్చులూడతాయి, ప్యాడ్లు లేకుండా నేరుగా పిస్టన్‌ను పొడిస్తే అది పగలొచ్చు. చక్రం పెట్టాక లీవరు కొన్నిసార్లు నొక్కితే మామూలు స్థితికి వస్తుంది. ఈసారి చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టమనండి. కొత్త బ్రేకుతో పాటు వచ్చే ప్లాస్టిక్ ముక్క ఇందుకే, పారేయకండి. చక్రం ఎత్తేటప్పుడు డిస్కు పట్టుకోవద్దని కూడా చెప్పండి. వేళ్ల జిడ్డు దానికి అంటుతుంది, తిరుగుతున్న డిస్కు రంధ్రాల్లో వేలు పడితే కొస తెగుతుంది.